డెస్క్‌టాప్ నుంచే ఎల్‌వీఎం: కేడీఈ పార్టిషన్ మేనేజర్‌తో వాల్యూమ్‌ల నిర్వహణ

లినక్స్ మెషీన్‌లో సిస్టమ్ ఫైళ్లుండే రూట్‌లో చోటు అయిపోయి అప్‌డేట్లు ఆగిపోయాయి. పక్కనే మీ సొంత ఫైళ్లుండే హోమ్‌లో నూట యాభై జీబీ ఖాళీగా పడి ఉంది. మామూలు పార్టిషన్లయితే ఆ ఖాళీని ఇటు తేవడానికి పార్టిషన్ మొత్తాన్ని డిస్క్ మీద జరపాలి. అదే ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్, డిస్క్ చోటును కావాల్సినట్టు పంచుకోనిచ్చే లినక్స్ ఏర్పాటు) మీద ఉంటే ఏదీ జరపక్కర్లేదు. ఒకదాన్ని కుదించి, రెండోదాన్ని పెంచితే చాలు. ఈ పనంతా టెర్మినల్ తెరవకుండా చేసుకోవచ్చు. కాకపోతే బటన్ నొక్కినప్పుడు లోపల ఏ అంచెలో ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి. ఎల్‌వీఎంలో డేటా పోయిందంటే చాలాసార్లు కారణం అంచెల వరస తప్పడమే.

కింది నుంచి చూస్తే: డిస్క్ లేదా దాని మీద ఒక పార్టిషన్ ఫిజికల్ వాల్యూమ్ అవుతుంది. అలాంటివి ఒకటో రెండో కలిసి వాల్యూమ్ గ్రూప్. ఆ గ్రూప్‌లోంచి కావాల్సినంత కోసుకున్నది లాజికల్ వాల్యూమ్. దాని మీద ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్. గ్రూప్‌లోని చోటంతా ఎక్స్‌టెంట్లు అనే సమాన ముక్కలుగా ఉంటుంది. మామూలుగా ఒక్కో ముక్క 4 ఎంఐబీ (1024 లెక్కన మెగాబైట్లు). అందుకే మీరు అడిగిన సైజు ఎప్పుడూ దగ్గర్లోని 4 ఎంఐబీ గుణిజానికి సర్దుకుంటుంది.

గుర్తుంచుకోవాల్సిన వరస ఒక్కటే. పెంచేటప్పుడు కింది నుంచి పైకి: ముందు లాజికల్ వాల్యూమ్, తర్వాత ఫైల్ సిస్టమ్. తగ్గించేటప్పుడు పై నుంచి కిందికి: ముందు ఫైల్ సిస్టమ్, తర్వాతే లాజికల్ వాల్యూమ్. రెండోది తారుమారైతే ఫైల్ సిస్టమ్ తోక తెగిపోతుంది. ఈ వరసను తనంతట తానే పాటించడమే గ్రాఫికల్ టూల్ వల్ల ఉన్న పెద్ద లాభం.

ఏ టూల్ వాడాలి

రెడ్ హ్యాట్ 5, 6 రోజుల్లో సిస్టమ్ కాన్ఫిగ్ ఎల్‌వీఎం అని ఒకటి ఉండేది. పాత పాఠాల్లో ఇంకా అదే కనిపిస్తుంది, దాని కోసం వెతకొద్దు. గ్నోమ్ డిస్క్స్‌లో లాజికల్ వాల్యూమ్‌లు కనిపిస్తాయి, మౌంట్ చేయవచ్చు (అంటే వాడకానికి ఒక ఫోల్డర్‌గా తగిలించవచ్చు), కానీ గ్రూప్‌లు కట్టడానికి అది పనికిరాదు. జీపార్టెడ్ ఫిజికల్ వాల్యూమ్ ఉన్న పార్టిషన్‌ను పెంచగలదు, తగ్గించగలదు. లోపలున్న లాజికల్ వాల్యూమ్‌ల జోలికి వెళ్లదు. ఫెడోరాలో పుట్టిన బ్లివెట్ జీయూఐ, ఓపెన్‌సూసేలోని యాస్ట్ పార్టిషనర్ రెండూ పూర్తిస్థాయి టూల్సే. మానిటర్ లేని సర్వర్ అయితే కాక్‌పిట్ ఉంది. బ్రౌజర్‌లో 9090 పోర్ట్ మీద తెరుచుకుంటుంది. కానీ అందులో డైలాగ్‌లో ఓకే అన్న మరుక్షణం పని జరిగిపోతుంది, వెనక్కి తీసుకునే అవకాశం ఉండదు.

ఇక్కడ కేడీఈ పార్టిషన్ మేనేజర్ తీసుకుంటున్నాం. మీరు చేసే మార్పులన్నీ ముందు కింది ప్యానెల్‌లో ‘పెండింగ్ ఆపరేషన్స్’ అనే జాబితాలో చేరతాయి. ‘అప్లై’ నొక్కేదాకా డిస్క్ మీద ఒక్క బైటూ మారదు. కేడీఈ డెస్క్‌టాప్ కాకపోయినా పనిచేస్తుంది. డెబియన్, ఉబుంటు, ఆర్చ్‌లలో ప్యాకేజీ పేరు ‘పార్టిషన్‌మేనేజర్’. ఫెడోరాలో దాని ముందు ‘కేడీఈ’ చేర్చి హైఫన్ పెట్టాలి. దాంతోపాటు ‘ఎల్‌వీఎం2’ ప్యాకేజీ తప్పనిసరి. అది లేకపోతే ఫైల్ సిస్టమ్ జాబితాలో ‘ఎల్‌వీఎం2 పీవీ’ అనేదే దొరకదు. ‘టూల్స్’ మెనూలో ‘ఫైల్ సిస్టమ్ సపోర్ట్’ తెరిస్తే ఏది చేయగలదు, ఏది చేయలేదు, ఏ ప్యాకేజీ తక్కువైంది అనేది పట్టికలా చూపిస్తుంది. మొదలుపెట్టే ముందు ఓసారి చూడండి.

మొదలుపెట్టే ముందు

బ్యాకప్ వేరే డిస్క్ మీద ఉండాలి. అదే వాల్యూమ్ గ్రూప్‌లోని ఇంకో వాల్యూమ్ మీద పెట్టినది బ్యాకప్ కింద లెక్కరాదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి. ఫైల్ సిస్టమ్ కుదించడం మధ్యలో కరెంటు పోతే దాన్ని బాగుచేయడం చాలా కష్టం.

యూనిట్ల సంగతి కూడా. డిస్క్ డబ్బా మీద 500 జీబీ అని ఉన్నది టూల్‌లో 465 జీఐబీ పైచిలుకుగా కనిపిస్తుంది. చోటు ఎక్కడికీ పోలేదు, లెక్క 1000తో కాకుండా 1024తో జరుగుతోంది. సైజులు వేసేటప్పుడు ఏ యూనిట్‌లో వేస్తున్నారో చూసుకోండి. ముఖ్యంగా తగ్గించేటప్పుడు ఈ 7 శాతం తేడా కొంప ముంచగలదు.

కొత్త డిస్క్‌తో గ్రూప్ కట్టడం

డిస్క్ మొత్తాన్ని పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పట్టిక) లేకుండా నేరుగా ఫిజికల్ వాల్యూమ్ చేయడం ఎల్‌వీఎంకు ఇబ్బంది కాదు. అయినా ఒక పార్టిషన్ పెట్టే చేయమంటాం. టేబుల్ లేని డిస్క్‌ను విండోస్ చూస్తే ఖాళీ డిస్క్ అనుకుని ‘ఇనీషియలైజ్ చేయమంటారా’ అని అడుగుతుంది. ఎవరో ఒకరు అవునంటారు.

1. ఎడమవైపు డిస్క్‌ల జాబితాలో కొత్త డిస్క్ ఎంచుకోండి. పేరును నమ్మకండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు రీబూట్‌కు మారిపోగలవు. మోడల్, సైజు చూసి నిర్ధారించుకోండి.
2. ‘న్యూ పార్టిషన్ టేబుల్’ నొక్కి జీపీటీ ఎంచుకోండి.
3. ఖాళీ చోటు మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ’. ఫైల్ సిస్టమ్ దగ్గర ‘ఎల్‌వీఎం2 పీవీ’ పెట్టండి. సైజు మొత్తం తీసుకోవచ్చు.
4. ఇక్కడ ఒకసారి ‘అప్లై’ చేసేయండి. అన్నీ వరసలో పేర్చి చివర్లో అప్లై చేయడం కంటే అంచెకు ఒకసారి చేస్తే, తప్పు ఎక్కడ వచ్చిందో వెంటనే తెలుస్తుంది.
5. ‘న్యూ వాల్యూమ్ గ్రూప్’ తెరిచి పేరు ఇవ్వండి, జాబితాలో ఇప్పుడు చేసిన ఫిజికల్ వాల్యూమ్ పక్కన టిక్ పెట్టండి. ఎక్స్‌టెంట్ సైజు 4 ఎంఐబీ అలాగే వదిలేయండి.

పేరు విషయంలో ఒక చిన్న కిటుకు. గ్రూప్ పేరులో హైఫన్ పెట్టకండి. వాల్యూమ్‌ల పేర్లుండే మ్యాపర్ ఫోల్డర్‌లో గ్రూప్ పేరుకూ వాల్యూమ్ పేరుకూ మధ్య హైఫన్ వస్తుంది కాబట్టి, పేరులోనే ఉన్న హైఫన్‌ను అది రెండుగా రాస్తుంది. ‘డేటా-వీజీ’ గ్రూప్‌లో ‘హోమ్’ వాల్యూమ్ అక్కడ ‘డేటా--వీజీ-హోమ్’ అయి కూర్చుంటుంది. తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలు) ఒక్క గీత తక్కువ రాసి, ఎందుకు మౌంట్ కావడం లేదా అని గంటసేపు వెతుక్కోవాల్సి వస్తుంది. అలాగే ప్రతి మెషీన్‌లోనూ గ్రూప్‌కు ఒకే పేరు పెట్టే అలవాటు మంచిది కాదు. ఒక డిస్క్ తీసి ఇంకో మెషీన్‌కు తగిలించిన రోజున ఒకే పేరుతో రెండు గ్రూప్‌లు ఎదురెదురవుతాయి. అప్పుడు యూయూఐడీ (దేనికదే వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఒకదాని పేరు మారిస్తే తప్ప ముందుకు కదలదు.

గ్రూప్ తయారయ్యాక ఎడమ జాబితాలో అదీ ఒక డిస్క్‌లాగే కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, ఖాళీ చోటు మీద ‘న్యూ’ అంటే లాజికల్ వాల్యూమ్. పేరు, సైజు, ఫైల్ సిస్టమ్ అడుగుతుంది.

ఎంత సైజు ఇవ్వాలి? చోటంతా మొదటిరోజే పంచేయకండి. ఇవాళ్టికి అవసరమైనంత, దానికి మరో పాతిక శాతం చేర్చి ఇవ్వండి. మిగతాది గ్రూప్‌లోనే ఉంచండి. పెంచడం క్షణాల పని, తగ్గించడం గంటల పని. అన్నిటికంటే ముందు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే మామూలు వాడకంలో తగ్గించే దారే లేదు. ఎల్‌వీఎం మీద ఏ ఫైల్ సిస్టమ్ అని తేల్చుకోలేకపోతే, ఆ ఒక్క కారణంతో ఈఎక్స్‌టీ4 తీసుకోండి.

వాల్యూమ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎడిట్ మౌంట్ పాయింట్’ అంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైన్ అదే రాస్తుంది. గుర్తింపుగా యూయూఐడీ ఎంచుకోండి. డేటా డిస్క్ అయితే ఆప్షన్లలో ‘నోఫెయిల్’ చేర్చండి. అది లేకుండా ఆ డిస్క్ ఊడిపోయిన రోజున, బూట్ ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మౌంట్ అయ్యాక ఫైళ్లు రాయనివ్వకపోతే కంగారు వద్దు. కొత్త ఈఎక్స్‌టీ4 పై ఫోల్డర్ యజమాని రూట్ యూజర్ (అడ్మిన్). యజమానిని మీ యూజర్‌కు మార్చాలి, అంతే.

పెంచడం

వాల్యూమ్ మీద రైట్ క్లిక్, ‘రీసైజ్’, కొత్త సైజు, ‘అప్లై’. ఈఎక్స్‌టీ4 మౌంట్ అయి ఉండగానే పెరుగుతుంది, రూట్ అయినా సరే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే మౌంట్ అయి ఉంటేనే పెరుగుతుంది. మౌంట్ అయిన వాల్యూమ్‌కు మీ వెర్షన్‌లో రీసైజ్ బటన్ మసకగా ఉంటే, ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేసి ప్రయత్నించండి.

అప్లై అయ్యాక ఫైల్ సిస్టమ్ సైజు చూపించే డీఎఫ్ ఆజ్ఞ ఇచ్చి చూడండి. టూల్‌లో వాల్యూమ్ పెరిగి డీఎఫ్‌లో పాత సైజే కనిపిస్తే, కింది అంచె పెరిగి పై అంచె మిగిలిపోయినట్టు. డేటాకు ప్రమాదమేమీ లేదు. ఫైల్ సిస్టమ్‌ను మాత్రం పెంచే ఆజ్ఞ ఇస్తే సరిపోతుంది: ఈఎక్స్‌టీ4కు ‘రీసైజ్2ఎఫ్‌ఎస్’, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్’. ఇంకో చిన్న తేడా: ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. 200 జీఐబీలో అది 10. సినిమాలు, ఫోటోలు పెట్టుకునే వాల్యూమ్‌కు అంత అక్కర్లేదు, ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’తో 1 శాతానికి దించవచ్చు. రూట్ వాల్యూమ్‌కు అలాగే ఉంచండి.

ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు తరచూ వచ్చే అనుమానం: డిస్క్ పెద్దదే, రూట్ మాత్రం 100 జీఐబీయే ఎందుకు? ఇన్‌స్టాలర్ పెద్ద డిస్క్‌లలో రూట్ వాల్యూమ్‌కు అంతే ఇచ్చి, మిగతాది గ్రూప్‌లో ఖాళీగా వదులుతుంది. మనం పైన చెప్పుకున్న పద్ధతే. అవసరమైనంత పెంచుకోండి, మొత్తం కాదు.

వర్చువల్ మెషీన్‌లో డిస్క్‌ను పెంచినప్పుడు మధ్యలో ఇంకో రెండు అంచెలు వస్తాయి. ముందు పార్టిషన్ పెరగాలి, దాంతో ఫిజికల్ వాల్యూమ్, ఆ తర్వాతే పైవి. పార్టిషన్ మీద ‘రీసైజ్’ చేస్తే లోపలి ఫిజికల్ వాల్యూమ్‌ను కూడా టూలే పెంచుతుంది. గ్రూప్‌లో ఖాళీ పెరిగిందో లేదో చూసుకుని అప్పుడు వాల్యూమ్ దగ్గరికి వెళ్లండి.

తగ్గించడం

ఇక్కడ తొందర పనికిరాదు. హోమ్ 300 జీఐబీ ఉంది, అందులో 140 నిండింది, 100 తీసి రూట్‌కు ఇవ్వాలి అనుకుందాం. ఈఎక్స్‌టీ4 అన్‌మౌంట్ అయి ఉంటేనే తగ్గుతుంది. లాగిన్ అయి ఉన్న యూజర్ హోమ్ అన్‌మౌంట్ కాదు కాబట్టి కేడీఈ ఉన్న లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేయండి. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే ముందు పాస్‌వర్డ్ ఇచ్చి అన్‌లాక్ చేయాలి, అప్పటిదాకా గ్రూప్ కనిపించదు.

హోమ్ మీద ‘రీసైజ్’ తెరిచి 200 జీఐబీ పెట్టండి. నిండిన 140కి అంచుల దాకా కుదించకండి. కనీసం పది, పదిహేను శాతం గాలి ఆడనివ్వాలి. లేకపోతే బ్లాక్‌లు సర్దడానికే చోటు చాలక మధ్యలో ఆగుతుంది. ‘అప్లై’ నొక్కాక ‘డీటెయిల్స్’ విప్పి చూడండి. ముందు ఫైల్ సిస్టమ్ తనిఖీ, తర్వాత ఫైల్ సిస్టమ్ కుదింపు, ఆఖర్న లాజికల్ వాల్యూమ్ కుదింపు. ఈ వరసలోనే ఉండాలి. తనిఖీలో సరిచేయలేని తప్పులు దొరికితే పని అక్కడే ఆగిపోతుంది. అది టూల్ లోపం కాదు. ముందు తప్పులు సరిచేసి, రెండోసారి తనిఖీ శుభ్రంగా వచ్చాకే మళ్లీ మొదలుపెట్టాలి.

కుదింపు నడుస్తుండగా పురోగతి పట్టీ ఒకేచోట చాలాసేపు నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. చివరి 100 జీఐబీలో ఉన్న బ్లాక్‌లన్నీ ముందుకు మోయాలి. తిరిగే డిస్క్ మీద గంట దాటినా ఆశ్చర్యం లేదు. డిస్క్ లైటు వెలుగుతున్నంతసేపు ముట్టుకోవద్దు. అయ్యాక రూట్‌ను 100 పెంచండి. ఆ 100 డిస్క్ మీద రూట్ పక్కనే లేకపోయినా ఎల్‌వీఎంకు పట్టింపు లేదు.

లైవ్ యూఎస్‌బీలో ఒక మెలిక ఉంది. ప్రతి మార్పుకు ముందు ఎల్‌వీఎం గ్రూప్ నిర్మాణాన్ని ఈటీసీ కింది ఎల్‌వీఎం ఫోల్డర్‌లో ‘ఆర్కైవ్’ అనేచోట ఒక ఫైలుగా దాస్తుంది. లైవ్ సెషన్‌లో ఆ ఫోల్డర్ ర్యామ్‌లో ఉంటుంది, రీబూట్ అయితే పోతుంది. షట్‌డౌన్ చేసేముందు దాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. పొరపాటున ఒక వాల్యూమ్ డిలీట్ చేసినా, ఆ చోటు మీద ఇంకేమీ రాయకముందే ‘వీజీసీఎఫ్‌జీరీస్టోర్’ ఆజ్ఞకు ఈ ఫైలు ఇస్తే వాల్యూమ్ తిరిగి వస్తుంది. ఎస్‌ఎస్‌డీ మీద ఎల్‌వీఎం సెట్టింగ్స్‌లో ‘ఇష్యూ డిస్కార్డ్స్’ ఆన్ చేసి ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోవాలి. డిలీట్ చేసిన క్షణంలోనే ఆ చోటు వాడుకలో లేదని డిస్క్‌కు కబురు వెళ్లిపోతుంది. ఖాళీ అయిన చోటును ఎస్‌ఎస్‌డీకి తెలిపే మామూలు ట్రిమ్‌కు ఆ సెట్టింగ్‌తో పనిలేదు కాబట్టి దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

డిస్క్ చేర్చడం, పాతది తీయడం

కొత్త డిస్క్ మీద ‘ఎల్‌వీఎం2 పీవీ’ పార్టిషన్ చేశాక, గ్రూప్ ఎంచుకుని ‘రీసైజ్ వాల్యూమ్ గ్రూప్’ తెరవండి. కొత్తదాని పక్కన టిక్ పెడితే గ్రూప్ పెరుగుతుంది. పాతదాని టిక్ తీసేస్తే, అందులోని ఎక్స్‌టెంట్లను మిగతా డిస్క్‌లలోకి తరలించి, తర్వాత దాన్ని గ్రూప్ నుంచి తీస్తుంది. మిగిలినవాటిలో అంత చోటు ఉండాలన్నది ఒక్కటే షరతు. ఈ రెండూ ఒకే అప్లైలో పెట్టకండి. చేర్చి, అప్లై చేసి, చూసి, అప్పుడు తీయండి.

తరలింపుకు లోపల వాడేది ‘పీవీమూవ్’. సెకనుకు 100 ఎంబీ వేగంతో నిండు 500 జీబీ డిస్క్‌కు దాదాపు గంటన్నర. మధ్యలో కరెంటు పోయినా మిగతాచోట్లంత భయం లేదు. ఎంతవరకు అయిందో గుర్తుపెట్టుకుంటుంది, ఏ వివరాలూ ఇవ్వకుండా ‘పీవీమూవ్’ అని మళ్లీ పిలిస్తే ఆగినచోట నుంచి అందుకుంటుంది. కానీ పాత డిస్క్ ఇప్పటికే చెడిపోతుంటే ఈ దారి వద్దు. చదవలేని సెక్టార్ దగ్గర తరలింపు ఆగిపోతుంది. ముందు చెడిన డిస్క్‌ల నుంచి కాపీ తీసే ‘డీడీరెస్క్యూ’తో వేరే డిస్క్‌కు కాపీ తీసి, అసలుదాన్ని ఊడదీసి, కాపీతో బూట్ చేయండి. రెండూ ఒకేసారి తగిలించి ఉంటే ఒకే యూయూఐడీ ఉన్న రెండు ఫిజికల్ వాల్యూమ్‌లు చూసి ఎల్‌వీఎం తికమకపడుతుంది.

రెండు డిస్క్‌లు కలిపిన గ్రూప్, ఒక డిస్క్ పోయినా డేటాను నిలిపే రెయిడ్ కాదు. మామూలు వాల్యూమ్ రెండు డిస్క్‌ల మీద పరుచుకుని ఉంటే ఒకటి పోయినా ఆ వాల్యూమ్ మొత్తం పోయినట్టే. పాత డిస్క్‌ను, కొత్త డిస్క్‌ను ఒకే గ్రూప్‌లో శాశ్వతంగా కలిపి ఉంచడం మాకు నచ్చని పని.

యూఎస్‌బీ డిస్క్ మీద గ్రూప్ ఉంటే అన్‌మౌంట్ చేసి లాగేయడం సరిపోదు. ‘డీయాక్టివేట్ వాల్యూమ్ గ్రూప్’ కూడా చేయాలి. లేకపోతే మ్యాపర్‌లో ఆ పేర్లు దయ్యాల్లా మిగిలిపోయి, డిస్క్ మళ్లీ పెట్టినప్పుడు ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వస్తాయి.

ఈ టూల్‌తో కాని పనులు

స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో వాల్యూమ్ ఉన్న రూపం), థిన్ పూల్స్ (రాసినప్పుడే చోటు కేటాయించే ఏర్పాటు) దీంతో చేయకండి. థిన్ పూల్ కావాలంటే బ్లివెట్ జీయూఐ లేదా కాక్‌పిట్. స్నాప్‌షాట్ గ్రూప్‌లోని ఖాళీలోంచే చోటు తీసుకుంటుంది, చోటంతా పంచేయొద్దనడానికి ఇదీ ఒక కారణం. పాతరకం స్నాప్‌షాట్ నిండిపోతే చెల్లకుండా పోతుంది. అసలు వాల్యూమ్‌కు ఏమీ కాదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్‌ను అసలుదానితోపాటు మౌంట్ చేయాలంటే ‘నోయూయూఐడీ’ ఆప్షన్ ఇవ్వాలి, లేదంటే ఒకే యూయూఐడీ రెండుసార్లు ఉందని నిరాకరిస్తుంది.

మెషీన్ బూట్ మొదలయ్యే ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌ను ఎల్‌వీఎంలోకి మార్చే ప్రయత్నం చేయకండి. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌కు ఎల్‌వీఎం చదవడం రాదు.

గ్రూప్ కనిపించకపోతే

ముందు ఫిజికల్ వాల్యూమ్‌ల జాబితా చూపే ‘పీవీఎస్’ ఆజ్ఞ ఇచ్చి చూడండి. పరికరం పేరు ఉండాల్సినచోట ‘అన్‌నోన్’ అని వస్తే గ్రూప్‌లోని ఒక డిస్క్ తగిలించి లేదు, లేదా పోయింది. కేబుల్ చూసుకోండి. ఆ స్థితిలో టూల్ గ్రూప్‌ను ‘సరిచేస్తానన్నా’ ఒప్పుకోకండి, తప్పిపోయిన డిస్క్ మీద ఉన్న వాల్యూమ్‌లు అప్పుడు నిజంగానే పోతాయి.

‘పీవీఎస్’లో ఏమీ రాకుండా, డిస్క్‌ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’లో డిస్క్ మాత్రం కనిపిస్తుంటే అది వేరే సంగతి. రెడ్ హ్యాట్ 9 నుంచి ఎల్‌వీఎం తనకు తెలిసిన డిస్క్‌ల జాబితాను ‘సిస్టమ్ డాట్ డివైసెస్’ అనే ఫైలులో రాసుకుంటుంది. అందులో లేని డిస్క్‌ను ఉన్నా పట్టించుకోదు. ఇంకో మెషీన్ నుంచి తెచ్చిన డిస్క్‌కు ఇలా తరచూ జరుగుతుంది. ‘ఎల్‌వీఎండివైసెస్’ ఆజ్ఞకు ‘యాడ్‌డెవ్’ ఆప్షన్‌తో డిస్క్ పేరు ఇచ్చి జాబితాలో చేర్చండి, తర్వాత పార్టిషన్ మేనేజర్‌లో ‘రీఫ్రెష్ డివైసెస్’ నొక్కితే గ్రూప్ ఎడమవైపు జాబితాలోకి వస్తుంది.